లుల్లమ్మకి మా యాస

"మళ్ళీ మాట్లాడావా? అక్కా, మళ్ళీ మాట్లాడావా దాంతో?"

వంటింటి గుమ్మంలో నిలబడి అరిచేశాను. అరవకూడదు. కువైట్ ఖైతాన్‌లో ఈ పాత కొంపల గోడలు అప్పడాల్లాంటివి, పక్కవాటాలో ఆయన తుమ్మితే ఇక్కడ మనం చిరంజీవ అనాలి. అయినా నోరాగలేదు.

సంజీవమ్మ గిన్నె తోముతోంది. తల తిప్పలేదు.

"నేనేం మాట్లాడినా? బిడ్డ నీళ్ళడిగింది. ఇచ్చినా."

"ఏమని అడిగింది?"

గిన్నె ఇంకా గట్టిగా తోమింది.

"ఏమని అడిగిందో చెప్పక్కా."

"మా, నీళ్ళియ్యి, అనింది."

"నువ్వేమన్నావు?"

"ఇంద, తాగు బిడ్డా, అన్యా. ఇంగేమంటారు నీళ్ళిచ్చేటప్పుడు? మంత్రాలు జదువుతారా?"

"రేప్పొద్దునే బస్సు! వారం పైనుంచీ గొంతు చించుకుని దానికి నేర్పుతున్నాను. నువ్వొక్క చెంబు నీళ్ళతో అంతా కడిగేశావు."

నా నోరు మంచిది కాదు, ఆ సంగతి మీకీపాటికి తెలిసే ఉంటుంది. కానీ ఆ పూట నాది కోపం కాదు. నాకు భయమేస్తే కోపమొస్తుంది. మా ఆయనకి భయమేస్తే ఆకలేస్తుంది. ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు.

లుల్వా, సంజీవమ్మ నోట లుల్లమ్మ, బల్ల కింద కూర్చుని మా ఇద్దరి కాళ్ళూ చూస్తోంది. నూనె పెట్టి వేసిన రెండు జడలు, నుదుట తిలకం బొట్టు, చేతులకి నా పాత గాజులు దారం చుట్టి బిగించినవి. ఆరేళ్ళ పిల్ల. జాబ్రియాలో పోలీసు ఆఫీసరుగారి ఒక్కగానొక్క కూతురు. ఇరాకీలు ఊళ్ళోకొచ్చాక ఆ ఆఫీసరు తుపాకీ పట్టుకుని ఎక్కడో దాక్కున్నాడు. పిల్లని పట్టుకుంటే తండ్రి తనంతట తనే బయటికొస్తాడని వాళ్ళు ఇల్లిల్లూ వెతుకుతున్నారు. తల్లి ఆపరేషనుకని లండన్ వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయింది. ఇంట్లో మిగిలిన నాయనమ్మ మందుల్లేక కన్నుమూస్తే, ఆ ఇంట్లో పనిచేసే సంజీవమ్మ ఈ పిల్లని నల్లబట్టలో చుట్టుకుని, జాబ్రియా నుంచి నడిచొచ్చి నా గుమ్మంలో నిలబడింది.

నా పాస్‌పోర్టులో నా కూతురు సత్యదుర్గ పేరుంది. పేరూ, వయసూ అంతే, ఫొటో లేదు. అసలు దుర్గని నిరుడే బడికని శివకోడులో మా అక్కదగ్గర వదిలి వచ్చాను. ఆ పేరు మీద ఈ పిల్లని సరిహద్దు దాటించి, జోర్డాన్ దేశం అమ్మాన్‌లో దాని మేనమామ చేతిలో పెట్టాలి. అంతే పని. చెప్పుకోవడానికి ఎంత తేలికో చూశారా.

అసలు చిక్కు దాని నోటితో వచ్చింది. మామా అనే వాళ్ళమ్మకి పార్టీలూ పేరంటాలూ, బాబా అనే వాళ్ళ నాన్నకి డ్యూటీలూ. పిల్ల పుట్టిన్నాటి నుంచీ సంజీవమ్మ చంకలోనే పెరిగింది. అరబ్బీకంటే ముందు దానికి తెలుగొచ్చింది. అదేం తెలుగనుకున్నారు! తీసుకెళ్ళి రాయచోటి సంతలో వదిలేస్తే బేరమాడి చింతపండు కొనుక్కొచ్చేస్తుంది. రేపటి బస్సు చూస్తే మంగఫ్‌లో మా ఆయన కంపెనీ వాళ్ళది. ఎక్కేవాళ్ళంతా మా రాజోలు, మా అమలాపురం, మా మలికిపురం. వాళ్ళ మధ్యలో కూర్చుని నా కూతురు "యాడికి పోతాండాం మా?" అందంటే ఇంకేమన్నా ఉందా! కోనసీమ కడుపున కడప పిల్లెలా పుట్టిందని ఒకడడుగుతాడు, ఇంకోడు నవ్వుతాడు, మూడోవాడికి అనుమానమొస్తుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా? చెక్‌పోస్టులో తన ప్రాణం మీదికొస్తే ఆ మూడోవాడు ఏం చెప్తాడో నాకేం తెలుసు?

అందుకే ఇంట్లో కట్టుబాటు పెట్టాను. దాంతో నేనే మాట్లాడాలి. సంజీవమ్మ నోరెత్తకూడదు.

"ఆరేండ్లు పలికిన నోరు," అంది సంజీవమ్మ గిన్నె బోర్లిస్తూ. "కుట్టుకోమంటే ఎట్ల కుట్టుకునేది?"

"ఈ ఒక్కరోజు కుట్టుకో."

"నీ బిడ్డతో నువ్వు పలకొద్దంటే నువ్వుంటావామ్మే?"

"అది నీ బిడ్డ కాదు!"

అనేశాను. అన్న మరుక్షణం నాలుక కొరుక్కున్నాను గానీ ఏం లాభం?

సంజీవమ్మ చెయ్యి తుడుచుకుంది. కొంగుతో కాదు, గోడకి తగిలించిన గుడ్డతో, ఒక్కో వేలూ తుడుచుకుంది.

"నీ బిడ్డా కాదు," అంది.



మధ్యాహ్నానికి మా ఆయన వెంకటసత్యనారాయణ మంగఫ్ నుంచి వచ్చాడు. సగం దారి ఎవరిదో వ్యానులో, సగం దారి నడక. చొక్కా ఒంటికంటుకుపోయింది. వస్తూనే కంచం ముందు కూర్చున్నాడు. నాకర్థమైంది, ఏదో జరిగిందని.

"బస్సు ఖాయమేనాండీ?"

"ఖాయమే. రేప్పొద్దున కంపెనీ క్యాంపు దగ్గర ఎక్కాలి."

"మరింకేం?"

"అన్నం పెట్టు ముందు."

ఉన్న కాసింత అన్నం, పప్పు పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నాక తలెత్తకుండానే చెప్పాడు.

"సరిహద్దులో బస్సాపి పిల్లల్ని అరబ్బీలో పలకరిస్తున్నారంట. బిస్కెట్ ఇచ్చి నీ పేరేంటని అడుగుతున్నారంట. పిల్ల అరబ్బీలో జవాబు చెప్పిందో, దింపేస్తున్నారు. మొన్న ఎవరో మలయాళీలు ఇలాగే ఒక కువైటీ పిల్లాణ్ణి తీసుకెళ్తూ దొరికారు."

"వాళ్ళనేం చేశారు?"

ఆయన పప్పు కలుపుకుంటూనే ఉన్నాడు.

"ఏవండీ, వాళ్ళనేం చేశారు?"

"ఏం చేశారో చెప్పడానికి ఎవరూ తిరిగి రాలేదే! సూరా, నా మాట విను. మనకి ఇంటిదగ్గర ఒక పిల్లుంది. కొరివితో తల గోక్కుంటామా? వాళ్ళ జాతిలో ఎవరి చేతిలోనైనా పెడదాం. బోలెడుమందున్నారు."

"ఎవరున్నారు? పేరు చెప్పండి. ఇప్పుడే వెళ్ళి అప్పగించేసి వస్తాను."

పేరు లేదు ఆయన దగ్గర. నాకూ తెలుసు. జాబ్రియాలో వాళ్ళ వాళ్ళంతా చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు.

ఆయన కంచంలో చెయ్యి కడిగేసి, బల్ల కిందికి వంగాడు. "ఇలా రామ్మా."

లుల్వా వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. అలా నిలబడమని నేనే నేర్పాను.

"నీ పేరేంటి?"

"సత్యదుర్గండి."

"ఏవూరు?"

"శివకోడండి. రాజోలు దగ్గరండి."

"మీ నాన్న పేరేంటి?"

"వెంకట... సత్యనారాయణండి."

మా ఆయన మొహంలో కాస్త వెలుగొచ్చింది. తన పేరు పిల్లనోట విని ఎన్నాళ్ళయిందో పాపం. నా వైపు చూశాడు. నేను కళ్ళెగరేశాను, చూశారా నా తడాఖా అన్నట్టు.

"పొద్దున్నేం తిన్నావమ్మా?"

లుల్వా ఆలోచించింది. ఈ ప్రశ్న మేం చదువుకోలేదు.

"రొట్టె తిన్యానండి."

వంటింట్లోంచి సంజీవమ్మ ఫక్కున నవ్వింది. మా ఆయనకీ నవ్వొచ్చింది గానీ వెంటనే మొహం నల్లబడింది.

"చూశావా? కడప ఎద్దుకి కోనసీమ తోక తగిలించావు. ఈ ఎద్దునేసుకుని నేను రేపు సరిహద్దు దాటాలి!"

"దాటతాం. రాత్రిలోపు సరిచేస్తాను."

"ఎలా సరిచేస్తావు? ఆవిడ పక్కనే ఉంది. ఆవిడ ముక్కు చీదినా ఈ పిల్ల ఆవిడ భాషలోనే పలుకుతుంది." గొంతు తగ్గించాడు. "సంజీవమ్మగారి సంగతేమనుకున్నావు? రేపు బస్సు దగ్గరికి వస్తానంటే?"

అదీ నేను దాటేస్తూ వచ్చిన మాట. సంజీవమ్మ పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోయింది. కఫీల్ అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, ఈ పిల్ల తండ్రే. జాబ్రియా ఇల్లు దోచుకున్నప్పుడు బీరువాతో సహా అదీ పోయింది. ఎంబసీలో కాగితం రాయించుకుంటే ఆవిడ కూడా వెళ్ళొచ్చు. కానీ ఒకే బస్సులో ఆవిడుంటే ఈ పిల్ల నా ఒళ్ళో కూర్చుంటుందా? "మా" అని ఆవిడ మీదికి దూకదూ?

"ఆమె రాదు," అంది సంజీవమ్మ గుమ్మంలోకొచ్చి. తన గురించే, ఎవరి గురించో చెప్పినట్టు. "బస్సుకాడికి గూడ రాదు. మీరు గుసగుసలాడొద్దు సామీ, నాకు ఇనపడతాది."

మా ఆయన లేచి బయటి గదిలోకి వెళ్ళిపోయాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి సంజీవమ్మ పక్కన నేలమీద కూలబడ్డాను. క్షమించక్కా అందామనుకున్నాను.  తిట్టడానికి తెరుచుకున్నంత తేలిగ్గా ఆ మాటకి తెరుచుకోదు ఈ పాడునోరు.

"సూరమ్మా," అంది ఆవిడే. "మా పెద్దామె ఉండె గదా, ఈ బిడ్డ జేజి, మొన్న పోయినామె. నేను వచ్చినప్పుడు నాకు అరబ్బీ ఒక్క ముక్క రాదు. రోజూ మజ్జాన్నం నన్ను పక్కన కూచోబెట్టుకుని ఏలు పెట్టి చూపిచ్చేది. ఇది గిన్నె, ఇది ఉప్పు, ఇది కన్ను. కన్నబిడ్డకు నేర్పిచ్చినట్ల నేర్పిచ్చింది. ఆమె మాట నాకిచ్చింది, నా మాట ఆమె మనమరాలికిచ్చినా. నాకిచ్చింది నా దగ్గరే ఉండాది. నేనిచ్చింది మాత్రం ఎనక్కి తీసుకోవాల్సొచ్చె."

"ప్రాణం దక్కాలి కదక్కా ముందు."

"దక్కాల. నేను కాదనల్యా." గుడ్డ మడతపెడుతూ అంది. "అమ్మాన్‌కు పోయినాక అది ఇంగ తెలుగు ఎవురితో పలుకుతాది? నీ తెలుగూ మర్సిపోతాది, నా తెలుగూ మర్సిపోతాది. ఇంత రంపు ఏమిటికమ్మే మనకు?"

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవడం ఇష్టంలేక ఉల్లిపాయ తీసుకుని తరగడం మొదలుపెట్టాను.

అప్పుడే లుల్వా వచ్చింది. నన్ను దాటుకుని వెళ్ళి సంజీవమ్మ మోకాళ్ళ మీద గడ్డం ఆనించింది.

"మా. నాకు ఈ గాజులు ఒత్తుకుంటాండాయి."

సంజీవమ్మ గోడవైపు చూసింది.

"మా."

గోడవైపే చూస్తోంది. 

"మా, ఏమిటికి పలకవు? నేనేం జేసినా?"

నేను పిల్ల చెయ్యి పట్టుకోబోయాను. విదిలించుకుంది. సంజీవమ్మ మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని తనవైపు తిప్పుకుంది. సంజీవమ్మ కళ్ళు మూసేసుకుంది. మాట్లాడొద్దన్నది నేనేగా? నేను పెట్టిన కట్టుబాటేగా? అయినా ఆ క్షణంలో, ఒక్క మాటనవే తల్లీ, కొంపలేం మునగవు అనాలనిపించింది. అనలేదు.

"అట్లయితే నేను గూడ నీతో పలకను," అంది లుల్వా. "పో."

వెళ్ళి మా ఆయన పక్కన కూర్చుంది. ఆ తర్వాత సాయంత్రం దాకా దానికి నేనేం చెప్పినా గబగబా నేర్చేసుకుంది. తిన్నానంది. వెళ్తన్నానంది. ఎక్కడికి, ఎందుకు, అలాగేనండి, అన్నీ ముత్యాల్లాగా వచ్చేశాయి. నన్ను అండీ అనకూడదే, అమ్మని ఎవరన్నా అండీ అంటారా అంటే, అదీ మానేసింది. ఎవరైనా అరబ్బీలో మాట్లాడితే నీకేం అర్థం కానట్టు నా వంక చూసి ఏమంటన్నాడని అడుగు అంటే, ఆ ముక్కని నాలుగుసార్లు దానంతటదే చెప్పుకుంది. సంజీవమ్మ మీది కోపమే దానికి పలకా బలపమూ అయింది. నాకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మింగలేక కక్కలేక కూర్చున్నాను.

ఎండ వాలుతున్న వేళ కింద జీపులు ఆగిన చప్పుడైంది.

మా ఆయన కిటికీ తెర కొంచెం తొలగించి చూసి, మళ్ళీ వేసేశాడు. "మన బిల్డింగే."

కింది అంతస్తులో తలుపులు బాదడం, ఎవరిదో ఏడుపు, బూట్ల చప్పుడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. లుల్వాని లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. పాస్‌పోర్టులూ, ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డులూ బల్లమీద పెట్టాను. మా ఆయన వాటినే అటూ ఇటూ సర్దుతున్నాడు. "ఏం చెప్పాలి? ఎవరు మాట్లాడతారు?" అంటున్నాడు.

ఎవరు మాట్లాడతారనేది మా బిల్డింగులో ఎప్పుడూ ప్రశ్నే కాదు. జాబ్రియాలో పనిచేసే రోజుల్లోనూ సెలవు రోజు సంజీవమ్మ ఇక్కడికొస్తే చాలు, అందరికీ పండగే. అద్దె పెంచుతానని ఇంటి యజమాని మనిషొచ్చినా, నీళ్ళు రావడం లేదని హారిస్‌తో, అదే వాచ్‌మన్‌తో, పేచీ పడినా, సంజీవమ్మని పిలవండ్రా అనేవాళ్ళు. మేమంతా తెలీదు తెలీదనే మాఫీ మాలూమ్ గాళ్ళం. నాలుగు బజారు ముక్కలు, మిగతాది చేతులూపడం. ఆవిడ నోరు విప్పితే అరబ్బులే మొహం తిప్పి చూసేవాళ్ళు. ఈ పిల్లతో వచ్చిన కొత్తలో కుర్ర సోల్జర్లు తలుపు కొడితే, ఆవిడే వాళ్ళకి నీళ్ళిచ్చి, నాలుగు మంచి మాటలాడి పంపించేసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నేనే నలుగురికీ చెప్పుకున్నాను.

తలుపు మీద దెబ్బ పడింది.

"అక్కా, నువ్వెళ్ళు," అన్నాను నేను. "నువ్వు మాట్లాడు."

నేనే అన్నాను. మా ఆయన కూడా "అవునండీ, మీరైతే బావుంటుంది" అన్నాడు. సంజీవమ్మ కొంగు సర్దుకుని వెళ్ళి తలుపు తీసింది. లుల్వా వైపు చూడలేదు.

ఈసారి వచ్చింది కుర్రాళ్ళు కాదు. ముందు ఒక ఆఫీసరు, కణతల దగ్గర నెరిసిన మనిషి, వెనక ఇద్దరు సోల్జర్లు. ఆయన అరవలేదు. లోపల ఎవరెవరున్నారని అడిగాడు.

బట్టల కొట్లో కుట్టుమిషను మీద కూర్చుని విని విని, మాట్లాడ్డం రాకపోయినా నాకు ఆ భాష సగానికి పైగా అర్థమవుతుంది. సంజీవమ్మ ఏమందో నాకర్థమైంది. రా నాయనా, ఎండలో పడి వచ్చారు, అలిసిపోయుంటారు, ముందు నీళ్ళు తాగండి, ఇల్లంతా మీదే, చూసుకోండి, ఇక్కడంతా కూలిజనం. ఎంత సొంపుగా అందనుకున్నారు! పెద్దింటి ఆడవాళ్ళు గుమ్మంలోకొచ్చినవాళ్ళని పలకరించే తీరు. ఆ సాగదీత, ఆ దీవెనలు, ఆ మధ్యమధ్య దేవుడి పేరు. భయంలో కూడా నాకు గర్వమనిపించింది.

ఆఫీసరు నీళ్ళు తీసుకున్నాడు. తాగుతూ ఆవిణ్ణి మాట్లాడనిచ్చాడు. నీళ్ళు వస్తున్నాయా, రొట్టె దొరుకుతోందా అని ఒక్కో మాటే అడుగుతున్నాడు. ఆవిడ ఒక్కోదానికీ నాలుగు మాటలు చెబుతోంది. మా ఆయన ఊపిరి వదిలాడు. గండం గడిచిందనుకున్నాం.

"మా మేనత్తని ఈ ఊరే ఇచ్చారు," అన్నాడు ఆఫీసరు, గ్లాసు తిరిగిస్తూ. "చిన్నప్పుడు సెలవులకి బస్రా నుంచి ఇక్కడికొచ్చేవాణ్ణి. ఆవిడ అచ్చం ఇలాగే మాట్లాడేది."

సంజీవమ్మ నవ్వింది. దేవుడు ఆమెని చల్లగా చూడాలంది.

"పనివాళ్ళ అరబ్బీ నాకు తెలుసు," అన్నాడు ఆయన, ఆ గొంతుతోనే. "బజార్లో ఏరుకున్నది. నీది అది కాదు. ఇది పాత కువైటీ ఇంట్లో ముసలమ్మ పక్కన కూర్చుని ఏళ్ళతరబడి నేర్చుకున్న మాట. ఏ ఇల్లు?"



 అయ్యో, మా బుద్ధి బుగ్గైపోను! ఎన్నాళ్ళుగా మేమంతా పిల్ల నోటికి కాపలా కాశాం. ఎక్కడ కడప మాట జారుతుందో, ఎక్కడ అరబ్బీకి తలూపుతుందో అని కళ్ళలో వత్తులేసుకుని కూర్చున్నాం. ఈవిడ నోటి సంగతి ఒక్కరికంటే ఒక్కరికి తట్టలేదు. పైగా నేనే తలుపు దగ్గరికి తోశాను.

"సాల్మియాలో," అంది సంజీవమ్మ.

"ఎవరిల్లు?"

ఏదో పేరు చెప్పింది.

"వాళ్ళేరీ?"

వెళ్ళిపోయారంది. ఎప్పుడో వెళ్ళిపోయారంది. ఆ అబద్ధాలు కూడా ఆ సొంపులోనే వస్తున్నాయి. తప్పించుకోవడానికి ఆవిడ దగ్గర ఇంకో అరబ్బీ లేదు.

"జాబ్రియాలో ఒక ఆఫీసరింటి నుంచి ఇండియా పనిమనిషి పిల్లనెత్తుకుపోయింది," అన్నాడు ఆయన. "పిల్లెక్కడ?"

"నాకు తెలీదు."

సోల్జరు ఆవిడ రెక్క పట్టుకున్నాడు. ఆఫీసరు బల్ల దగ్గరికొచ్చి పాస్‌పోర్టు తీశాడు. పేజీలు తిప్పాడు. నా మొహం చూశాడు, నా ఒళ్ళో పిల్లని చూశాడు. తర్వాత దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

నీ పేరేంటి అన్నాడు అరబ్బీలో. లుల్వా నా భుజంలో మొహం దాచుకుంది. జేబులోంచి బిస్కెట్ తీశాడు. అది తీసుకోలేదు. 

ఆయన పిల్ల చెవి దగ్గరికి వంగి, మెల్లిగా, ముద్దుగా అన్నాడు. "ఆ అమ్మని తీసుకెళ్ళిపోతున్నాం. ఇంక రాదు. ఒకసారి ముద్దు పెట్టి రావా?"

ప్రతి ముక్కా దానికర్థమవుతుంది. అది పుట్టింది ఆ భాషలో. నా చేతికింద దాని వీపు బిగుసుకుపోయింది. వెళ్ళిపోతుంది, ఇప్పుడు దూకేస్తుంది అనుకున్నాను. గట్టిగా పట్టుకుంటే ఆయనకి తెలిసిపోతుంది, వదిలేస్తే అంతా అయిపోతుంది.

లుల్వా తలెత్తి నా మొహంలోకి చూసింది.

"ఏమంటన్నాడమ్మా?" అంది.

అచ్చం మా అక్క కూతుళ్ళు అన్నట్టే అంది.  "ఏం లేదమ్మా, బిస్కెట్ కావాలా అంటన్నాడు," అని నాకంటే ముందు మా ఆయనే అందుకున్నాడు. ఆ మనిషి గొంతులో అంత స్థిరం నేనెప్పుడూ వినలేదు.

ఆఫీసరు బిస్కెట్ మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లేచి, పాస్‌పోర్టు బల్లమీద పడేసి, యల్లా, పదండి అన్నాడు.

సంజీవమ్మని గుమ్మం దాటించారు. చెప్పులేసుకోనివ్వలేదు. నేను లేవబోతే సోల్జరు తుపాకీ అడ్డం పెట్టాడు. ఆవిడ మెట్ల దగ్గర ఒక్కసారి ఆగింది. వెనక్కి తిరగలేదు. తిరిగితే పిల్ల మొహం చూడాలి.

"సూరాయమ్మగారండీ," అంది.

ఎవరిదా గొంతని తెల్లబోయాను.

"నేనెళ్ళొత్తానండి. పొయ్యి మీద పప్పుందండి, అడుగంటుద్ది, చూసుకోండి. రేపు మీరు ఆగొద్దండి. నా కోసం ఆగొద్దండి."

ఇన్నాళ్ళూ మా అండీలని వెక్కిరించిన మనిషి! ప్రతి మాటకీ తోకేంటమ్మే మీకు అని నన్ను ఏడిపించిన మనిషి. తన యాసలో ఒక్క ముక్క పలికినా ఈ పిల్ల నా చేతుల్లో నిలవదని ఆవిడకి తెలుసు. అందుకని కన్నకూతురిలా పెంచుకున్న పిల్లకి తన గొంతు కూడా మిగల్చకుండా, నా యాసలో, పక్కవాటా మనిషిలా చెప్పి వెళ్ళిపోయింది. 

మా ఆయన తలుపు మూసి, గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఇందాక పిల్లనెవరికైనా ఇచ్చేద్దామన్న మనిషి. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"రేపు వెళ్తున్నాం," అన్నాడు నాతో. "ముగ్గురం."

"ఆవిణ్ణి వదిలేసా? స్టేషన్‌కెళ్ళి అడుగుదామండీ. ఎంబసీ వాళ్ళని తీసుకెళ్దాం."

"వెళ్తే మనల్నీ అడుగుతారు. మనల్ని అడిగితే దీన్నీ అడుగుతారు. ఆవిడేం చెప్పిందో విన్లేదా నువ్వు?"

విన్నాను. వినకపోతే బావుండేది. సంజీవమ్మ దెబ్బలకి తట్టుకుంటుందా? తెల్లారేదాకా నోరు విప్పకుండా ఉంటుందా? ఉంటుందని నాకు తెలుసు, అదే నన్ను తినేస్తోంది.

పిల్ల ఒళ్ళో కదిలింది. ఇంతసేపూ దాని సంగతే మర్చిపోయాను. కంట్లో తడి లేదు. పెదాలు బిగబట్టి, బుగ్గల్లో గాలి పట్టి కూర్చుంది. కింద మెట్ల మీద ఇంకా బూట్ల చప్పుడు తిరుగుతోంది, ఎవరిదో తలుపు బాదుతున్నారు. నా చెవి దగ్గరికి మొహం తెచ్చి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"అమ్మా, ఇప్పుడేడవొచ్చా?"

"ఇంకా కాదమ్మా," అన్నాను.